నరసమ్మ టీచరు వంతు కుర్చీ

నిన్న ఇక్కడ రంగూన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్ బజార్లో పటిక కొన్నాను. అసలుదేనా అని కొంచెం నాలుకకు తాకించి చూశాను. ఆ వగరుకు నోరు ముడుచుకుపోయింది, నరసమ్మ టీచరు గుర్తొచ్చింది. మీలో ఆవిణ్ణి చూసినవాళ్లుండరు. పొట్టిగా, సన్నగా ఉండేది, ఎవరి మాటకూ లొంగేది కాదు. వీధిలో బర్మావాళ్లు కూడా 'సయామా' అని, అంటే పంతులమ్మా అని, మర్యాదగా పిలిచేవారు.

చిన్నప్పుడు ఆవిడ రంగూన్‌లో ఒక అమెరికా దొరసాని బడిలో చదివింది. ఆ దొరసాని ఆడవాళ్లకు సంఘం పెట్టి, వారానికొకరిని అధ్యక్షురాలి కుర్చీలో కూర్చోబెట్టేదట. దొరసాని తన దేశం వెళ్లిపోయింది. తర్వాత బళ్లన్నీ ప్రభుత్వం తీసేసుకుంది. టీచరు మాత్రం తన ఇంటి ముందుగదిలో గురువారం మధ్యాహ్నాలు సంఘం నడిపింది. బయటికి అది కుట్టు క్లాసు, లోపల మాకు చదువు, వంతులవారీగా కుర్చీ. మేమంతా తెలుగు రేవు కూలీల ఇళ్ల ఆడవాళ్లం, నలుగురిలో నోరు విప్పాలంటే చచ్చేంత సిగ్గు. నా మొదటి వంతు రోజున కడుపునొప్పని వంక పెట్టాను.

"నొప్పయితే కుర్చీలో కూకునే మూలుగు," అంది.

చచ్చినట్టు కూర్చున్నాను. అక్కడ ఒకటే నియమం, కుర్చీలో ఉన్న మనిషి పిలిస్తేనే మాట్లాడాలి.

ఊరంతా ప్రభుత్వం మీద తిరగబడిన ఏడు, వీధులకు వెదురు తడకలు కట్టి జనమే కాపలా కాశారు. నీళ్లలో విషం కలుపుతున్నారని పుకారు. ఒక గురువారం, వీధి మంచినీళ్ల కుండలో తెల్లపొడి వేస్తూ ఒక బర్మా ఆవిడ దొరికింది. వీధికి కొత్త. కర్రలతో జనం మూగారు. టీచరు సంఘం కుర్చీ మోసుకొచ్చి గుంపు మధ్యలో వేసింది.

"ఈ వారం వంతు నీది. కూకో," అంది నాతో.

"నానేటి సెప్పగలను టీచరమ్మా? మీరే సెప్పండి."

"నాను ఆవిడ పక్కన నిలబడాల. నివ్వు కూకో."

టీచరు వెళ్లి ఆ బర్మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. నేను కూర్చుని, ఒక్కొక్కరే మాట్లాడాలని బర్మా భాషలో అరిచాను. సయామాను చూసే కాబోలు, జనం ఆగారు. కర్రలున్నవాళ్లలో ఐదుగురిని వరసగా పిలిచాను, తిట్టిందే తిట్టారు. ఆఖర్న ఆవిణ్ణి పిలిచాను. పొడి పటికట. వానకు నీళ్లు బురదగా ఉన్నాయని, మడ్డి దిగుతుందని వేసిందట. ఆ నీళ్లే ముంచుకుని మా ఎదుటే తాగింది. పొట్లంలో పొడి ఒకరిద్దరు నాలుకకు రాసుకు చూశారు. కర్రలు దిగాయి.

టీచరు మెచ్చుకుంటుందని కుర్చీ మోసుకుంటూ వెనకే నడిచాను.

"ఆవిణ్ణి ఆఖర్న పిలిసేవెందుకే?"

"బయమేసింది టీచరమ్మా. ముందాళ్లు సల్లారతారనుకున్నాను."

"ఆ అయిదుగురూ మాటాడినంతసేపూ ఆవిడ సెయ్యి నా సేతిలో ఒణుకుతానే ఉంది," అంది. కోపంగా అనలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు నేనూ పిల్లలకు చదువు చెబుతున్నాను. ఎవరి మీద ఫిర్యాదొచ్చినా ముందు ఆ పిల్లనే పిలిచి వింటాను. వింటున్నంతసేపూ ఒకటే బాధ. అంతమందిని మాట్లాడించిన నేను, ఆ బర్మా ఆవిడ పేరైనా అడగలేదు.