తగడూరు కోసం ఒక రాయి

మా అన్న రాసిన చివరి పుస్తకం హోసూరులో అచ్చుకు సిద్ధంగా ఉంది. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట చేర రాజు చేతిలో ఓడి, తగడూరు అనే చిన్న రాజ్యం స్వాతంత్ర్యం పోగొట్టుకున్న యుద్ధం గురించిన పుస్తకం అది. ఆ యుద్ధంలో పడిన సైనికుడి గుర్తుగా నిలిపిన వీరగల్లు రాయి ఊత్తంగరై దగ్గరి ఒక పల్లెలో ఉందని ఆఖరి అధ్యాయంలో రాశాడు. అన్న పోయి మూడు నెలలు. అచ్చు వేసేలోపు ఆ రాయిని చూడాలని బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు హోసూరులో బస్సెక్కి ఎనిమిదికి కృష్ణగిరిలో దిగాను. ఇడ్లీ తిని ఊత్తంగరై బస్సు పట్టుకున్నాను. పక్క సీటు చింతపండు వ్యాపారి నా పని విని నవ్వాడు.

"ఓడిపోయినోళ్ల రాయి చూసేదానికి ఇంత దూరమా సార్? గెలిచినోళ్లది యాడుంది?"

తెలియదన్నాను.

పల్లె చేరేసరికి పదకొండు. చేని గట్టున నడుమెత్తు రాయి. ఊరివాళ్లు వేడియప్ప అని కొలుస్తారు. ఏళ్ల తరబడి పూసిన నూనె, పసుపు కింద బొమ్మ మునిగిపోయింది. తుడుద్దామని రుమాలు తీశానో లేదో, పూజ చేసే మునెమ్మ అరిచింది.

"తాకొద్దప్పా! మా ఇంటోళ్లే కడగల్ల."

అన్న సంగతి, ఆ యుద్ధం పుస్తకం సంగతి చెప్పాను.

"అయ్యో, ఆ అయ్యవారు పోయినాడా? మళ్లా వస్తానన్నాడే!"

సీకాయ పొడి, కొబ్బరి పీచు తెచ్చి అరగంట రుద్దింది. విల్లు పట్టిన మనిషి బయటపడ్డాడు. అతని కాళ్ల దగ్గర రెండు ఆవులు. పశువులను కాపాడబోయి చనిపోయినవాడి రాయి. పైన ఉన్న అక్షరాల తీరు చూస్తే అవీ ఆ యుద్ధానికి చాలా తరువాతివి.

"అన్న వచ్చినప్పుడు కడగలేదా అమ్మా?"

"అప్పుడు మాకు మైల. కడగకూడదంటిమి. సరేలేమ్మా అని దూరం నుంచే చూసి రాసుకొని పోయినాడు. ఏమప్పా, మా వేడియప్ప మీ యుద్ధంలో లేడా?"

"లేడమ్మా. ఆవుల కోసం పోయినాడు."

"పోనీలే. రాజు ఎవరో మాకేం తెలుసు? ఆవులైతే మావే గదా" అంటూ మళ్లీ నూనె పూసింది.

మధ్యాహ్నం రెండింటి తిరుగు బస్సులో పుస్తకం ప్రూఫు కాగితాలు ఒళ్లో పెట్టుకున్నాను. ఆ రాయి అంటే అన్నకు ఎంత ఇష్టమో ప్రతి పేరాలో తెలుస్తోంది. మత్తూరు దాటాక గానీ కలం మూత తీయలేకపోయాను. అధ్యాయం మొత్తం కొట్టేసి, దాని చోట ఒక్క వాక్యం రాశాను: తగడూరు కోసం చనిపోయినవాళ్ల రాయి మాకు దొరకలేదు.

కింద అన్న పేరే ఉంచాను.