చిన్న బెంచీ

అచ్చాఫీసులో ఆయన్ని అందరూ ఒత్తుల మాస్టారు అనేవారు. బడిలో పాఠం చెప్పింది లేదు, బెత్తం పట్టింది లేదు. ముప్ఫై ఆరేళ్ళపాటు ప్రూఫులు దిద్దాడు, అంతే. ఒక ఒత్తు జారినా, ఒక సున్న ఎగిరిపోయినా, ఒక దీర్ఘం పొట్టిదైపోయినా ఆయన కంట పడకుండా కాగితం గడప దాటేది కాదు. తడి ఆరని ప్రూఫుని బల్ల మీద పరిచి, స్కేలు ఒక్కో వరస కిందికి జరుపుకుంటూ, ఎర్ర సిరాతో అంచుల్లో గుర్తులు పెట్టేవాడు. ఆయన దగ్గర్నుంచి తిరిగొచ్చిన కాగితాన్ని చూసి అక్షరాలు పేర్చే కంపోజిటర్లు "దీనికీ తట్టు పోసిందిరా" అని నవ్వుకునేవారు. ఆయన ఎదుట మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు.

చర్చిలో కూడా ఆయనది అదే వరస. సంఘపెద్ద. ఆదివారం వాక్యం చదివేది ఆయనే. ఖంగుమనే గొంతు. ప్రార్థనకు లేచాడంటే పావుగంట తక్కువ కాకుండా సాగేది. కళ్ళు మూసుకున్న చిన్నపిల్లలు మూసుకున్నట్టే నిద్రలోకి జారుకునేవారు. తాను గర్విష్ఠినని ఆయన ఏనాడూ అనుకోలేదు. దేవుడి మాటను తప్పు లేకుండా పలకడమే భక్తి అని నమ్మాడు. ఆ నమ్మకంలో కపటం లేదు. కాకపోతే దానికి ముళ్ళుండేవి. అవి ఎదుటివాళ్ళకే గుచ్చుకునేవి కాబట్టి ఆయనకు తెలిసేది కాదు.

టైలరమ్మకు తెలుసు. చర్చి వెనక వీధిలో కుట్టుమిషను పెట్టుకుని బతికే మనిషి. భర్త పోయిన నెలకు అతని జ్ఞాపకార్థం కూడిక పెట్టినప్పుడు, "ఒక్క కీర్తన నేనే చదువుతానండీ" అని అడిగి మరీ ముందుకొచ్చింది. నాలుగో తరగతితో ఆగిన చదువు. వరస కింద వేలు పెట్టుకుని చదువుతూ చదువుతూ "దుక్కము" అంది.

"దుఃఖము" అన్నాడు మాస్టారు ముందు వరసలోంచి.

ఆమె ఆగి, మళ్ళీ "దుక్కము" అంది.

"మధ్యలో విసర్గ ఉందమ్మా. తర్వాతది వత్తు ఖ. దుః-ఖ-ము. ఏదీ, మళ్ళీ చదువు."

మూడోసారి ఆమె నోరు తెరిచింది గాని మాట పెగల్లేదు. పుస్తకం మూసేసి, నడిచి వెళ్ళి వెనక గోడ పక్కన కూర్చుంది. మిగిలిన కీర్తన మాస్టారే లేచి చదివాడు, ఒక్క తప్పు లేకుండా. ఆ తర్వాత తొమ్మిదేళ్ళలో ఆమె పెద్దల ముందు మళ్ళీ పుస్తకం పట్టలేదు. వెనక గదిలో సండే స్కూలు చిన్నపిల్లలకు మాత్రం చెప్పుకునేది.

మాస్టారికి అరవై దాటాక ఒక మధ్యాహ్నం, బల్ల మీద పరిచిన ప్రూఫులో అక్షరాలు అక్షరాలు కాకుండా పోయాయి. కనబడుతూనే ఉన్నాయి. వంకరలు, మెలికలు, చుక్కలు, అన్నీ ఉన్నాయి. ఏదీ ఏమీ చెప్పడం లేదు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూశాడు. చివరికి కంపోజిటర్ని పిలిచి, "ఏమయ్యా, ఇది ఏ భాషది నాకిచ్చారు?" అని అడిగాడు.

"మన భాషే కదండీ మాస్టారూ" అని కంపోజిటరు నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాడు.

మెదడులో ఒక సన్నని రక్తనాళం మూసుకుపోయిందన్నాడు డాక్టరు. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. మాట ఉంది. విచిత్రమేమిటంటే, రాత కూడా ఉంది. పేరు రాయమంటే ముత్యాల్లా రాశాడు. డాక్టరు ఆ కాగితాన్ని ఆయన వైపు తిప్పి, "ఏం రాశారో చదవండి" అన్నాడు. మాస్టారు చాలాసేపు చూశాడు.

"ఇందాక రాసింది నా పేరే కాబట్టి, నా పేరే అయ్యుండాలి" అన్నాడు.

చదివే శక్తి ఒక్కటే పోయింది. మళ్ళీ వస్తుందా అంటే డాక్టరు భుజాలు ఎగరేసి, "కొందరికి కాస్త వస్తుంది" అన్నాడు.

ఇంటికి రాగానే భార్యను కూర్చోబెట్టి, "ఈ సంగతి మన గడప దాటడానికి వీల్లేదు" అన్నాడు. ఆమె తల ఊపింది. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆమె పని అదే. అచ్చాఫీసు వాళ్ళు శాలువా కప్పి పంపించేశారు. చర్చిలో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వచ్చే ఆదివారం చదవవలసిన భాగం ఏదో పాస్టరుగారు ముందే చెప్పేవారు. శనివారం పొద్దున్నుంచీ భార్య ఆయన పక్కన కూర్చుని అది చదివి వినిపించేది. మూడో తరగతి చదువు, పైగా కళ్ళకు పొరలు. ఆమె తడబడుతుంటే ఆయన విసుక్కునేవాడు.

"ఏం చదువే అది? రాళ్ళ మీద బండి లాగినట్టు!"

"నా బండి అంతేనండీ. మీరు ఎక్కారు కాబట్టి ఓర్చుకోండి" అనేది ఆమె, నవ్వుతూనే.

అలా కంఠతా పట్టి, ఆదివారం పుస్తకం తెరిచి, చూస్తున్నట్టు తల దించి అప్పజెప్పేవాడు. మధ్యలో ఒకసారి పేజీ కూడా తిప్పేవాడు. ఏడు వారాలు ఎవరూ పసిగట్టలేదు. ఎనిమిదో వారం పాస్టరుగారు ఆఖరి నిమిషంలో మనసు మార్చుకుని వేరే భాగం ప్రకటించారు. అప్పటికే పీఠం దగ్గరికి నడుస్తున్న మాస్టారు ఆ మాట వినలేదు. కంఠతా పట్టిందే ఖంగుమనే గొంతుతో మొదలుపెట్టాడు. పేజీలు గబగబా తిరగేస్తున్న చప్పుడు. గుసగుసలు. ముందు బెంచీ మీద ముందు పళ్ళూడిన ఆరేళ్ళ పిల్ల ఒకతి, తల్లి నోరు మూసేలోపు అనేసింది:

"తాతా, అది కాదు. నువ్వు చూడకుండా చెప్తున్నావు."

మాస్టారు పుస్తకం వైపు చూశాడు. చీమల బారు. ఇంకెటు చూడాలో తెలియక భార్య వైపు చూశాడు. ఆమె అప్పటికే ఏడుస్తోంది. పీఠం దిగి, పక్క తలుపులోంచి బయటికి నడిచి, మళ్ళీ ఆ మెట్లెక్కనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆరు నెలలు ఎక్కలేదు. పాస్టరుగారు ఇంటికొస్తే నిద్రపోతున్నానని చెప్పించాడు. భార్య ఒక్కతే వెళ్ళి వచ్చేది. ఆమె తిరిగొచ్చేసరికి ఆయన కిటికీ రెక్కలు వేసేసుకుని, గోడకేసి తిరిగి కూర్చుని ఉండేవాడు.

"అందరూ మిమ్మల్ని అడిగారండీ" అనేది.

"నవ్వుకోవడానికి మనిషి తక్కువయ్యాడు, అందుకు అడిగి ఉంటారు."

వానలు పట్టిన రోజుల్లో ఆమెకు జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తెరవడం లేదు. ఆమె మందులన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి: చక్కెర జబ్బు మాత్రలు, జ్వరం మాత్రలు, ఇంకేవో. అన్నీ తెల్లనివే. రోజూ ఆమే చూసి వేసుకునేది. మాస్టారు డబ్బా తెరిచి రేకులన్నీ బల్ల మీద పరిచాడు. గోడ అవతల పొరుగావిడ అంట్లు తోముకుంటున్న చప్పుడు వినబడుతోంది. పిలిస్తే చాలు, చేతులు తుడుచుకుంటూ వచ్చి చెప్తుంది. కానీ ఆమెదీ అదే చర్చి. ఆయన నోరు లేవలేదు. ఒక రేకు ఎంచాడు.

"ఇది ఏ మాత్రండీ?" అంది భార్య, కళ్ళు మూసుకునే.

"నాకు తెలియదా? వేసుకో."

పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. తిండి లేని కడుపులో చక్కెర జబ్బు మాత్రలు. మర్నాడు ఉదయానికి ఆమె చెమటతో తడిసి ముద్దై, పిలిస్తే పలకకుండా పడి ఉంది. అప్పుడు అరిచాడు, వీధి వీధంతా వినబడేలా.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు రేకు చేతిలో పట్టుకుని వరండాలోకి వచ్చాడు. "ఈవిడకు మాత్రలు ఎవరండీ ఇచ్చింది? మీరేనా? దీని మీద ఇంత స్పష్టంగా రాసుంది. చదువు రాదా మీకు?"

వరండాలో పదిమంది ఉన్నారు. పొరుగావిడ కూడా ఉంది. మాస్టారు గోడకు చెయ్యి ఆనించుకున్నాడు.

"రాదండీ" అన్నాడు.

చెప్పాక చూస్తే ఆకాశం విరిగి మీద పడలేదు. డాక్టరు గొంతు తగ్గించి, "పోనీ, ఎవరినైనా అడగాల్సింది పెద్దాయనా" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మాటకు మాస్టారు బెంచీ మీద కూలబడి, చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

భార్య నాలుగో రోజుకు తేరుకుంది. తేరుకుందని అనడమే గాని, ఒంట్లో సగం మనిషే ఇంటికొచ్చింది. ఏం జరిగిందో ఆమెకు తెలుసు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆయన ఎదురుచూశాడు.

తర్వాతి ఆదివారం ఆయన చర్చి వెనక గదికి వెళ్ళాడు. చాప మీద ఎనిమిదిమంది పిల్లలు, గోడ వారగా ఒక పొట్టి బెంచీ. టైలరమ్మ పాత గుడ్డపేలికల్లోంచి అక్షరాలు కత్తిరించి అట్టల మీద అంటిస్తోంది. గుమ్మంలో ఆయన్ని చూసి కత్తెర కింద పెట్టింది.

"పాస్టరుగారు ఆ పక్క ఉన్నారండీ."

"నీ కోసమే వచ్చానమ్మా." పిల్లలంతా చూస్తున్నారు. వాళ్ళని బయటికి పంపమందామనుకుని, మానేశాడు. "ఆ రోజు నీ భర్త కూడికలో నేను చేసింది తప్పు. నీ గుండె పగిలి ఉంటే నేను నీ విసర్గ చూశాను. ఇప్పుడు నాకు అ అంటే అ అని కూడా తెలియడం లేదు. వీళ్ళతో పాటు నాకూ చెప్తావేమోనని వచ్చాను."

ఆమె అప్పుడే అంటించిన అక్షరాన్ని అట్ట మీద సరిచేసింది.

"క్షమించానని అనడం తేలికేనండీ. ఇప్పుడు అంటే అబద్ధమవుతుంది. ఆ రోజు ఇంటికెళ్ళి నేను మా ఆయన కోసం ఏడవలేదు, నా నోటి కోసం ఏడ్చాను. అది మర్చిపోలేకుండా ఉన్నాను." కత్తెర మళ్ళీ తీసుకుంది. "కూర్చోండి. ఆ బెంచీ ఒక కాలు ఊగుతుంది, జాగ్రత్త."

మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఆయన దాని మీద కూర్చున్నాడు. ముందు పళ్ళూడిన పిల్ల పక్కకు జరిగి చోటిచ్చింది.

చూస్తే తెలియని అక్షరం, వేలితో తడిమితే తెలుస్తోందని కనిపెట్టింది టైలరమ్మే. రాసే చేతికి జ్ఞాపకం ఉంది, చూసే కంటికి లేదు. అందుకని ముతక గుడ్డతో పెద్ద పెద్ద అక్షరాలు కత్తిరించి ఇచ్చేది. మాస్టారు కళ్ళు మూసుకుని, వేలు వంపుల వెంట నడిపించి, "ఇది... మ" అనేవాడు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. తప్పు చెప్తే నవ్వేవారు, ఆయన ఎదుటే.

"తాతా, ఒత్తు వదిలేశావు!" అని పళ్ళూడిన పిల్ల ఒకసారి గదిమింది.

"అవునే తల్లీ, వదిలేశాను" అన్నాడు ఒత్తుల మాస్టారు.

ఇంటికెళ్ళి ఆ రోజు వచ్చిన అక్షరాలు భార్య అరచేతిలో వేలితో రాసేవాడు. ఆమె మంచం మీద పడుకునే చెప్పేది, ఏ అక్షరమో. ఎప్పుడైనా కావాలని తప్పు చెప్పి ఆయన దిద్దుతాడేమోనని చూసేది. ఆయన దిద్దేవాడు కాదు. మళ్ళీ రాసేవాడు. గుణింతాల దాకా వచ్చేసరికి ఆమె చెయ్యి మంచం మీంచి లేవడం మానేసింది. చలికాలం చివర్లో, ఒక మధ్యాహ్నం, ఆయన వంటింట్లో నీళ్ళు కాచుకుని వచ్చేలోపు పోయింది.

సమాధుల తోటలో అకాల వాన. సంఘపెద్దగా ఎంతమందికో అక్కడ నిలబడి ధారాళంగా ప్రార్థించిన మనిషి, ఆ రోజు అందరి మధ్యా నోరు మెదపలేకపోయాడు. పాస్టరుగారే అంతా జరిపించారు. వెళ్ళేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని, "మళ్ళీ మీ చోటుకి రండి మాస్టారూ. చదవకపోయినా ఫర్వాలేదు, ముందు వరసలో కూర్చోండి" అన్నారు.

"నాకింకా గుణింతం పూర్తి కాలేదండీ" అన్నాడు ఆయన. వినయం కోసం అన్నది కాదు, ఉన్నమాటే.

ఆమె పోయిన మూడో ఆదివారం మళ్ళీ వెనక గదికి వెళ్ళాడు. పాఠం అయ్యాక పిల్లలు ఒక్కొక్కరే ప్రార్థన చెయ్యాలి. ఒకడు తప్పిపోయిన చెప్పు దొరకాలన్నాడు. ఒకతి కుక్కపిల్ల కాలు బాగవ్వాలంది. మాస్టారి వంతు వచ్చింది. "సర్వోన్నతుడవును, కృపాసంపన్నుడవును..." అని పాత అలవాటు కొద్దీ మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆ మాటలన్నీ ఒక్కటీ తప్పు లేకుండా ఉన్నాయి. ఆయన మాత్రం వాటిలో ఎక్కడా లేడు.

"దేవా" అన్నాడు కాసేపటికి. "మాత్ర తప్పిచ్చింది నేనే. అడగడానికి సిగ్గుపడి ఇచ్చాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు ఇంట్లో నాకు భయంగా ఉంది. ఆమెన్."

"ఆమెన్" అన్నారు పిల్లలు, చెప్పుకీ కుక్కపిల్లకీ అన్నట్టే. టైలరమ్మ అనలేదు. వంగి, కింద పడ్డ గుడ్డముక్కలు ఏరుతూ ఉండిపోయింది.

పళ్ళూడిన పిల్ల ఆయన మోచెయ్యి గోకి, రహస్యంగా చెప్పింది: "భయమేస్తే పొద్దు పోకముందే లైటు వేసుకోవాలి తాతా. మా అమ్మ అదే చెప్తుంది."

"సరేనమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, తాళం తీసి, ఇంకా వెలుతురు ఉండగానే ముందు గదిలోనూ, వంటింట్లోనూ, ఖాళీ మంచం ఉన్న గదిలోనూ లైట్లు వేశాడు. భయమేమీ తగ్గలేదు. అయినా ఆ పిల్ల చెప్పినట్టు అన్నీ వేసి, వాటి కింద కూర్చున్నాడు.