ఎనిమిది మిల్లీమీటర్ల తప్పు

2022 వానాకాలం. జంషెడ్‌పూర్‌లో పర్సుడీహ్ బజారు వెనక నాకో చిన్న వర్క్‌షాపు ఉంది. పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో ఆకాశంలో తేలిపోయే పెద్ద పెద్ద ఓడలు కనిపిస్తాయి కదా, అవి నిజానికి బల్లమీద పెట్టి తీసిన చిన్న నమూనాలు. వాటికి అచ్చుగుద్దినట్టు మరో నమూనా చేసివ్వడం నా వృత్తి. దేశంలో ఎక్కడెక్కడి పిచ్చివాళ్ళో నన్ను వెతుక్కుంటూ ఫోన్లు చేస్తారు. పిచ్చివాళ్ళని ప్రేమగానే అంటున్నాను, ఆ వరసలో మొదట నిలబడేది నేనే. టాటానగర్ స్టేషన్లో పనిచేసిన మా నాన్న మాత్రం, మీ అబ్బాయి ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే, "ఏదో డ్రాయింగు పనిలెండి" అని మాట తప్పించేసేవాడు.

ఈ పనిని స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. పెట్టెలో వచ్చే విడిభాగాలు అతికించడం కాదు. సినిమాని ఆపి ఆపి చూసి, కొలతలు లెక్కగట్టి, ప్లాస్టిక్ షీటు కోసుకుని మొదటినుంచీ మనమే కట్టుకోవాలి. ఓడ ఒంటినిండా గ్రీబుల్స్ ఉంటాయి. అంటే ఏ పనీ చెయ్యని చిన్న పెట్టెలు, గొట్టాలు, మూతలు. అవి ఉంటేనే మూరెడు వస్తువు ఊరంత ఓడలా కనబడుతుంది. మావాళ్ళకి ఒకటే మతం: అంచు కత్తిలా ఉండాలి, గోడ నిటారుగా నిలవాలి, కొలత వెంట్రుకవాసి కూడా తప్పకూడదు.

ఒకరోజు వాన వెలిశాక స్కూటీ మీద ఒక పెద్దాయన, ఆయన మనవరాలు వచ్చారు. ఆయన ఒళ్ళో తువ్వాలు చుట్టిన మూట. పేరు సింహాచలం, డెబ్భై ఎనిమిదేళ్ళు, బారిడీహ్‌లో ఇల్లు, అందరూ మిస్త్రీ అంటారట. ఫౌండ్రీలో నలభై ఏళ్ళు చెక్కపని చేశానన్నాడు. లోహం కరిగించి పోసేచోట చెక్కతో ఏం పని అని అప్పుడే అడగాల్సింది. అడగలేదు.

మూట విప్పితే గమ్హార్ చెక్కతో చేసిన ఓడ, పై సగం. మన గుమ్మడి టేకునే ఇక్కడ గమ్హార్ అంటారు. ఆ ఓడ నాకు బాగా తెలిసిందే, దాని ఫొటోలు నా దగ్గర కట్టలకొద్దీ ఉన్నాయి.

"కుర్రతనంలో బిష్టుపూర్‌లో సూసేను బాబూ, మూడుసార్లు. సినిమా పేరు మరిసిపోయేను గానీ ఓడ మటుకు కళ్ళలో ఉండిపోనాది. ఇది పై సగం. కింద సగం నువ్వు సెయ్యాల. నా సేతులు సూడు."

రెండు చేతులూ చాపాడు. వేళ్ళు ఆగకుండా వణుకుతున్నాయి.

"తొందరేమైనా ఉందా మిస్త్రీగారూ?"

"నాకు లేదు బాబూ. సేతులకుంది. అవి పూర్తిగా పోకముందు అవ్వాల." తరవాత వేలు చూపించి చెప్పాడు. "ఇదెలాగుందో అలాగే సెయ్యి. సొంత తెలివి పెట్టకు."

మనవరాలు ప్రియకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. "అంకుల్, తాత కిసీకీ నహీ సున్‌తే" అంది, ఎవరి మాటా వినడని.

వాళ్ళు వెళ్ళాక స్కేలు తీశాను. ఆయన ఇచ్చిన పెన్సిల్ డ్రాయింగులో ఓడ పొడవు ఆరువందల మిల్లీమీటర్లు. చెక్క ఆరువందల ఎనిమిది ఉంది. గోడలు నిటారుగా లేవు, కిందినుంచి పైకి సన్నబడుతూ వాలి ఉన్నాయి. లోపలి మూలలు పదునుగా లేవు, మైనం పూసి గుండ్రం చేసేశాడు. మూడు తప్పులు. "పాపం, పెద్దాయన" అనుకున్నాను. ఆ పాపంలోనే ఉంది నా పొగరంతా.

కాస్త ఆలోచిస్తే తెలిసేదే. వణికే చెయ్యి ఒకచోట ఎక్కువ కోస్తుంది, ఒకచోట తక్కువ కోస్తుంది. అంతేగాని అన్ని గోడల్నీ ఒకే వాలులో పెట్టదు. ఆ ముక్క నా బుర్రకి తట్టలేదు. నేను నా పద్ధతిలో, ప్లాస్టిక్‌తో, సరిగ్గా ఆరువందలకి కింద సగం చేశాను. రెండూ కలిపి చూస్తే ఆయన సగం ఎనిమిది మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. సరే, ఆయన చెక్కనే సరిచేద్దామని కూర్చుని, ముందు వరసలో ఉన్న ఏడు చిన్న పెట్టెల గోడల్ని అరగదీసి నిటారు చేసేశాను. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

చూపిద్దామని బారిడీహ్ వెళ్ళాను. ఆయన భార్య పైడమ్మగారు టీ ఇచ్చారు. మిస్త్రీ చెక్కని ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో తడుముతూ వెళ్ళి, ముందు వరస దగ్గర ఆగిపోయాడు.

"ఇక్కడేటయ్యింది?"

"సరిచేశానండి. గోడలు కొంచెం వాలి ఉన్నాయి. పొడవు కూడా ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కువొచ్చింది. పరవాలేదండీ, చేతులు అలా ఉన్నప్పుడు ఎవరికైనా..."

"ఓలమ్మ! ఈ బాబేటంతన్నాడు?" అన్నారు పైడమ్మగారు.

మిస్త్రీ ముఖం చిన్నబోయింది. తిట్టినా బాగుండేది. "ఏమే, నా స్కేళ్ళు తే" అన్నాడు.

ఆవిడ గుడ్డసంచిలోంచి రెండు స్టీలు స్కేళ్ళు తెచ్చారు. ఆయన వాటి సున్నాలు కలిపి పక్కపక్కన పెట్టమన్నాడు. పెట్టాను. రెండో చివర ఒకదాని మూడువందల గీత, రెండోదాని మూడువందల గీతని దాటి నాలుగు మిల్లీమీటర్లు ముందుకు పోయింది. ఉక్కు స్కేలు అబద్ధం చెప్పడం నా జన్మలో చూడలేదు.

"ఇది మామూలు స్కేలు. ఇది కాంట్రాక్షన్ స్కేలు, అల్లూమినం పోతకి. కరిగిన లోహం సల్లారితే కుంచుకుపోతాది. ఎంత కుంచుకుపోతాదో అంత ముందే ఎక్కువ సెయ్యాల."

"మరి గోడల వాలు?"

"డ్రాఫ్ట్ అంతారు. సెక్కని ఇసకలో పెట్టి అదిమి పైకి తియ్యాల గదా. గోడ నిటారుగా ఉంటే ఇసక ఇరిగిపోతాది."

"మూలల్లో మైనం?"

"ఫిల్లెట్. పదును మూల కాడ పోత పగులుతాది."

నేను లెక్కపెట్టిన మూడు తప్పులూ మూడు విద్యలు. "అయితే ఇది బొమ్మ కాదా?" అన్నాను.

"బొమ్మని నానెప్పుడన్నాను? పేటర్ను అది. దాన్ని ఇసకలో అదిమి, ఆ గుంటలో పోత పొయ్యాల." ఆయన ఇల్లంతా ఒకసారి కలయజూశాడు. "నలభయ్యేళ్ళు బాబూ. ఎన్ని పేటర్నులు సేసేనో నాకే తెలదు. పోత పోసినాక ఆ సామాను మిల్లులోకి ఎల్లిపోతాది, పేటర్ను స్టోరులోకి ఎల్లిపోతాది. నా ఇంట్లో సూడు, నా పోత ఒక్కటుందేటి?"

"ఆఖరికి అట్లపెనం కూడా బజార్లో కొన్నదే" అన్నారు పైడమ్మగారు.

"ఆ ఓడ తెరమీదకొత్తే అందరూ ఈలలేసినారు. నాకు పార్టింగ్ లైనే కనపడింది. ఇక్కడ కోత్తే రెండు సగాలూ ఇసకలోంచి సులువుగా వచ్చెత్తాయని. అప్పట్నుంచీ ఒకటే ఆశ."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. నోటికొచ్చినట్టల్లా క్షమాపణ చెప్పుకున్నాను. "తప్పు నీదొక్కడిదే కాదులే. పనోడికి సెప్పాలేటి అని నానూ సెప్పలేదు" అన్నాడు. నన్ను పనోడన్నాడు. అంత మంచి మాట నా వృత్తిలో మరెవరూ నాతో అనలేదు.

మర్నాటినుంచి రోజూ పొద్దున్నే బారిడీహ్ వెళ్ళి ఆయన వరండాలో కూర్చున్నాను. నా ప్లాస్టిక్ సగాన్ని పక్కన పడేశాం. గమ్హార్ చెక్క, కాంట్రాక్షన్ స్కేలు, ఉలి. "నువ్వు సేతులు, నాను కళ్ళు" అని పని పంచాడు. నేను పాడుచేసిన ఏడు పెట్టెలకీ పలచని చెక్క పొరలు అంటించి మళ్ళీ వాలు తెప్పించాడు. వాలు కాస్త తక్కువైతే బొటనవేలితో తడిమి, "నాను ఊరుకున్నా ఇసక ఊరుకోదు" అనేవాడు. ఎన్నిసార్లు విన్నానో ఆ మాట! ప్లాస్టిక్ మీద ఇరవై ఏళ్ళు పనిచేసినవాణ్ణి, ఆ వరండాలో మూడు వారాలపాటు ఒకటో తరగతి పిల్లాణ్ణి. నిజం చెప్పాలంటే అంత సంతోషంగా ఎప్పుడూ పనిచెయ్యలేదు.

నది దాటి ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఫౌండ్రీవాళ్ళు పోత పోయడానికి ఒప్పుకున్నారు. ప్రియతో కలిసి ముగ్గురం వెళ్ళాం. ఇసకలోంచి పేటర్ను పైకి తీసే క్షణం వచ్చింది. మిస్త్రీ ఊపిరి బిగబట్టాడు, నేనూ బిగబట్టాను. రెండు సగాలూ శుభ్రంగా పైకి వచ్చాయి. గుంట అంచున ఒక్క ఇసక రవ్వ రాలలేదు. పోత పోసి, చల్లారబెట్టి, సాయంత్రానికి ఇసక విరగ్గొడితే బూడిదరంగు ఓడ బయటపడింది. దాన్ని ఎత్తడానికి ఇద్దరు కావలసివచ్చింది.

ఆయన మామూలు స్కేలు నా చేతికిచ్చాడు. కొలిచాను.

"ఎంత?"

"ఆరువందలు."

"గట్టిగా సెప్పు. ప్రియకి ఇనపడాల."

"ఆరువందలు మిస్త్రీగారూ! అటూ ఇటూ లేదు."

"వాహ్, తాతా!" అని ప్రియ ఈల వేసింది. ఆయన ఓడమీద చెయ్యి వేసి, ఇంకా వెచ్చగానే ఉన్నా తియ్యలేదు. కళ్ళు తుడుచుకోను కూడా లేదు.

పోత పోసినాక పేటర్ను తెచ్చినవాళ్ళకే ఇచ్చేయడం ఫౌండ్రీ ఆనవాయితీ. ఆ రెండు చెక్క సగాల్నీ వాళ్ళు ఇస్తే ఆయన నా వైపు తోశాడు.

"ఇన్నాళ్ళూ పోత మిల్లుది, పేటర్ను స్టోరుది. ఈ పాలికి పోత నాది. పేటర్ను నువ్వుంచుకో, సగం నీ సేతిదే కదా."

ఇప్పుడు ఆ ఓడ బారిడీహ్ ఇంట్లో టీవీ పక్కన ఉంది. దుమ్ము తుడవాలంటే కదపడానికి నడుం పడిపోతోందని పైడమ్మగారు నాకు ఫోన్ చేసి మరీ తిడతారు. వచ్చినవాళ్ళకి ముందు దాన్ని చూపించాకే మంచినీళ్ళిచ్చేదీ ఆవిడే.

ఆ తరవాత ఎవరు ఏ పని తెచ్చినా, స్కేలు ముట్టుకోకముందు ఒక ప్రశ్న అడుగుతున్నాను: "ఇది తరవాత ఏమవుతుందండీ?" బొమ్మ ఏమవుతుందని కొందరు నవ్వుతారు. నవ్వనీ. ఒకసారి ఈ ప్రశ్న అడగక, ఒక మనిషి విద్యని ఆయన జబ్బు అనుకున్నాను.