లెక్కలో సున్న, పెట్టెలో నీళ్ళు

పెట్టెడు వంజరం చేపలను, మా అత్త ఇరవయ్యేళ్ళ పరువును ఒకే ఆటోలో ఉడకబెట్టబోయిన మహాజ్ఞాని ఎవరో తెలుసాండీ? నేనే. పొయ్యి వెలిగించలేదు, గిన్నె ఎక్కించలేదు. బందరు లైబ్రరీలో ఒక పుస్తకం చదివానంతే.

అప్పటికి నేను కాపురానికొచ్చి ఏడాది కాలేదు. నవల చేతికొస్తే చివరి అధ్యాయం ముందు చదివే అలవాటు నాది. పిల్లకి పెళ్ళవుతుందో లేదో తెలియకుండా మూడొందల పేజీలు ఎవరు మోస్తారు చెప్పండి? వేడి గురించిన పుస్తకం దొరికితే దాన్నీ వెనక నుంచే పట్టాను. చివరి అధ్యాయం పేరు వికిరణం. అంటే సూర్యుడు ఎవరి సాయమూ లేకుండా మన నెత్తిమీదికి నేరుగా విసిరే వేడి. ఏ వస్తువు అడ్డం పెడితే అందులో ఎంత దాటిపోతుందో లెక్కకట్టే పద్ధతి అక్కడ ఉంది. చదివాక నా కాళ్ళు నేలమీద ఆనలేదు. కథ సుఖాంతమని తెలిశాక మొదటి అధ్యాయాలు ఎందుకు?

మా అత్త నాగమ్మ గిలకలదిండి రేవు వేలంలో చేపలు పాడుకుని ఊళ్ళలో ఇళ్ళకు అందిస్తుంది. రేకు పెట్టెలో చేపలు, ఐసు. పెట్టె కిందా చుట్టూ ఊక కుక్కిన గోనెసంచులు. ఆ సంచులు మోసి మోసి ఆవిడ నడుం విల్లయింది. ఆ నడుముకి విముక్తి నా పెన్ను చివర ఉందని నాకు తెలిసిపోయింది.

ఆ రోజు ముదినేపల్లి సుబ్బారావు గారింటికి కొత్త వియ్యాలవారు రాత్రి భోజనానికొస్తున్నారు. ఆయనకి బోలెడు చేపల చెరువులున్నాయి. అయినా వియ్యంకుడికి సముద్రం చేపే పెట్టాలట! "ఒక్క చేప మెత్తబడిందా, ఆ ఊళ్ళో మళ్ళీ మన పెట్టె దిగదు" అంది అత్త.

నేను పొద్దున్నే సంచులన్నీ అవతల పారేసి, చపాతీలు చుట్టే వెండి కాగితం పెట్టెకి చుట్టబెట్టాను. పెట్టె పెళ్ళికొడుకు తలపాగాలా తళతళలాడింది.

"ఊక ఏదే?"

"అక్కర్లేదత్తా, లెక్కకట్టాను. పడే వేడి నూరు వంతులనుకో. తొంభై ఏడు వంతులు ఈ కాగితం వెనక్కి కొట్టేస్తుంది. మూడు వంతులు తను పీల్చుకుంటుంది. ఇక దాటి లోపలికి పోయేదెంత?"

"నువ్వే చెప్పు."

"సున్న!"

"మరి పీల్చుకున్న ఆ మూడూ ఏం చేసుకుంటదే? దాచుకుంటదా?"

పాపం, చదువు లేని ప్రశ్న అని జాలిపడి నవ్వాను. ఆ ప్రశ్నకి జవాబుగా నేను వదిలేసిన అధ్యాయాలు రెండున్నాయని అప్పటికి నాకు తెలియదు.

మళ్ళీ ఊక కుక్కే వ్యవధి లేక, పెట్టెను అలాగే ఆటో వెనక, ఇంజను మీది ఇనపరేకు మీద పెట్టాం. పెడన దాటాక ఆటో శ్రీనుబావ బండి ఆపాడు.

"పిన్నీ, కింద నీళ్ళు కారుతున్నాయి. రేడియేటర్ పగిలిందనుకున్నా. అసలు నా బండికి రేడియేటరే లేదుగా!"

మూత తీశాం. ఐసుగడ్డలు గోళీకాయలై తేలుతున్నాయి. వంజరాలు మళ్ళీ సముద్రంలో పడ్డామనుకుని ఈదడానికి సిద్ధంగా ఉన్నాయి.

"సున్నన్నావు గదే!"

"కాగితం దాటి ఎండ రాలేదత్తా! ఇంజను వేడి రేకుకి, రేకు నుంచి పెట్టెకి, పెట్టె నుంచి ఐసుకి... చెయ్యీ చెయ్యీ పట్టుకుని వచ్చినట్టుంది."

"అంటే వీధి తలుపుకి తాళమేసి, పెరటి తలుపు బార్లా తీశావన్నమాట."

ఇంత బాగా చెప్పిన పుస్తకం నాకు ఇప్పటికీ దొరకలేదు.

అత్త వంగి మొప్పలెత్తి చూసింది. "ఎర్రగానే ఉన్నాయి. శ్రీనూ, తోలరా!"

గుడ్లవల్లేరులో శ్రీనుబావ ఐసు కోసం పరిగెత్తాడు. నేను రైసుమిల్లు నుంచి ఊక సంచులు మోశాను. పొద్దున నేనే పారేసిన ఊకను మధ్యాహ్నం నా నెత్తినే పెట్టాడు దేవుడు. ఊక దంచితే బియ్యం రావని పెద్దలన్నారు గానీ, ఊక తీసేస్తే చేప మిగలదని ఒక్కరూ అనలేదు చూడండి!

ముదినేపల్లిలో సుబ్బారావు గారి భార్య చేపను వేలితో నొక్కింది. గుంట పడలేదు. నా ఊపిరి వెనక్కొచ్చింది.

"ఈ వెండి కాగితమేంటి నాగమ్మా?"

"మా కోడలు చదువుకున్న పిల్లండి. వేడి ఎంత లోపలికి పోద్దో లెక్కకట్టింది."

"అబ్బో! ఎంతొచ్చిందేం?"

"ఊకుంటే సున్నండి."

తిరుగు దారిలో ఎండ మండిపోతోంది. "అత్తా, మిగిలిన కాగితం తలకి చుట్టుకోనా?" అన్నాను.

"ఎందుకే? అది లేకుండానే నీ బుర్రలోకి ఏదీ పోదు!"

శ్రీనుబావ నవ్వుకి ఆటో రెండుసార్లు రోడ్డు దిగి ఎక్కింది.

అన్నీ తెలిసినమ్మ ఐసు కరగబెడితే, ఏమీ తెలియనమ్మ ఊకేసి కాపాడిందట. మర్నాడే ఆ పుస్తకం మళ్ళీ తెచ్చి, బుద్ధిగా ముందు నుంచి తెరిచాను. మొదటి అధ్యాయంలో మొదటి బొమ్మ ఏమిటో తెలుసాండీ? ఊకలో పాతిపెట్టిన ఐసుగడ్డ.

ఆ బొమ్మ మీద కుడిచెయ్యి వేసి, అత్త ఎదుట ప్రమాణం చేశాను: నవలలో పిల్లకి పెళ్ళవుతుందో లేదో తెలియక నాకు నెల్లాళ్ళు నిద్ర పట్టకపోయినా సరే, ఈ జన్మలో ఏ పుస్తకాన్నీ వెనక నుంచి మొదలుపెట్టను.