కిటికీకి దుప్పటి

డెబ్బైల చివర భిలాయి ఉక్కు ప్లాంటులో ప్రమోషన్ పరీక్ష రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే ఇక హెల్పర్‌గానే మిగిలిపోతాను. తెల్లవారుజామున చదివిందే చదువని నమ్మి, నైట్ షిఫ్ట్ దిగి వచ్చి కూడా పుస్తకం పట్టేవాణ్ణి. ఒక్క అక్షరం ఎక్కేది కాదు. పడుకోమన్న భార్యను, చదువు విలువ నీకేం తెలుసని కసిరేవాణ్ణి.

ఒక ఉదయం నైట్ షిఫ్ట్ దిగి, దుర్గ్‌లో ఇంటికి వెళ్లడానికి సుపేలాలో బస్సెక్కాను. కునికిపాట్లతో పుస్తకం మళ్లీ మళ్లీ చేజారుతుంటే పక్క సీటులోని తెలుగు పెద్దావిడ తీసి ఇచ్చింది.

"ఏటి బాబూ, చదువుతున్నావా, పుస్తకానికి దణ్ణాలెడుతున్నావా?"

పరీక్ష సంగతి, షిఫ్టుల సంగతి అంతా చెప్పేశాను.

"డ్యూటీ వారం వారం మారతాది కదా, మరి నీ చదువు టైం మారదేటి? మా ఆయన రైల్వే గార్డు. ఆయన ఇంటికొచ్చినప్పుడే మాకు రాత్రి. కిటికీకి దుప్పటి కట్టేస్తాను. ఏ పనైనా లేచాకే."

పుస్తకం తన ఒళ్లో పెట్టుకుని, నా ముఖాన ఎండ పడకుండా కిటికీ షట్టర్ దించింది. "పడుకో. దుర్గ్ వచ్చాక లేపుతాను."

ఇంట్లో రోజూ వింటున్న మాటే అది. పరాయి మనిషి చెబితే గానీ నా చెవికెక్కలేదు.

మర్నాడు డ్యూటీ దిగి వచ్చి కిటికీకి దుప్పటి కడుతుంటే, నా భార్య వచ్చి రెండో కొస పట్టుకుంది.