కోడ్‌తో పాటు పంది మాంసం

తైవాన్‌లోని మా షిన్‌చూ ఆఫీసులో పత్రాలన్నీ మార్క్‌డౌన్ అనే సాదా గుర్తుల పద్ధతిలో రాస్తాం. కోడ్‌కి పైనా కిందా మూడేసి చిన్న వాలు గీతలు పెడితే, అది డబ్బాలో పెట్టినట్టు విడిగా కనిపిస్తుంది. ఆ డబ్బాలన్నీ చేత్తో కాపీ చేసి పరీక్షించే చాకిరీ మాది. అది తప్పించాలని మాతో పనిచేసే యున్‌రు అక్క, రాతని విడగొట్టి చదివే పార్సర్ లైబ్రరీ ఒకటి పట్టుకుని, డబ్బాల్లోని కోడ్‌ని తనంతట తానే బయటికి తీసే ప్రోగ్రాం రాసింది. మేనేజరు లియావ్ సరేనంటేనే అది వాడకంలోకి వస్తుంది.

అందరి ముందూ తెర మీద నడిపించింది. కోడ్ వరసగా వస్తూ వస్తూ, మధ్యలో "పంది మాంసం సన్నగా తరిగి, సోయా సాస్ పొయ్యాలి" అనే వాక్యం పడింది. గొల్లుమన్నాం.

"ఇదేం భాష, అక్కా?" అన్నాడు లియావ్.

అక్క మొహం కందగడ్డయింది. "వరసలు చెదరకుండా ఉంటాయని మా ఇంటి వంటకం తయారీ కూడా ఓ పత్రంలో డబ్బాలోనే దాచుకున్నాను సార్."

"ఇది రన్ అవుతుందా?" అన్నాన్నేను.

"పొయ్యి మీద అవుతుంది, నోర్ముయ్!"

లియావ్ నవ్వాడు. "అంటే మీ ప్రోగ్రాం ఒక్క డబ్బా కూడా వదల్లేదు. వాడదాం. కాకపోతే నెత్తిన ప్రోగ్రామింగ్ భాష పేరు రాసున్న డబ్బాలే తియ్యమనండి."

అక్క అక్కడికక్కడే దిద్దేసింది. మర్నాడు ఆ వంటకమే గిన్నెడు వండి తెచ్చింది. లియావ్ తన అన్నంలోకి రెండోసారి వడ్డించుకుంటూ, "డబ్బాలో ఉన్నాక పరీక్షించాలిగా" అన్నాడు.