పటేల్ ఇంటి పద్నాలుగు జ్వరాలు

ప్రత్యేక రాష్ట్రం కోసం జనమంతా రోడ్డెక్కిన రోజుల్లో నేను చిట్యాల దగ్గర ఒక పల్లెలో నర్సమ్మను. ఊరికీ, ఊరవతల ఉన్న లంబాడీ తండాకీ కలిపి ఒక్కదాన్నే. రిజిస్టరూ ఒక్కటే. అందులో 'ఇంటి నంబరు' అని ఒక గడి ఉండేది. నా పాలిటి శని అదే. తండా గుడిసెలకు నంబర్లు లేవు. గడి ఖాళీగా పంపితే పై ఆఫీసు కాగితం వెనక్కి కొట్టేది.

తండావాళ్లు దీనికెప్పుడో ఉపాయం కనిపెట్టుకున్నారు. ఉత్తరం రావాలన్నా, కార్డు రావాలన్నా, తాము కూలికి పోయే పటేల్ ఇంటి నంబరే చెప్పేవారు. జ్వరమొచ్చి నా దగ్గర రక్తపరీక్షకు వేలు గుచ్చించుకున్నప్పుడూ అదే చెప్పారు. నేనూ అదే రాశాను. గడి నిండింది, అదే పదివేలు అనుకున్నాను.

ఆ వానాకాలం పై ఆఫీసు నా రిజిస్టరు చూసి, మలేరియా ఎక్కడ ఎక్కువుంటే అక్కడికే దోమతెరలు పంపింది. జీపు నేరుగా పోయి పటేల్ ఇంటి ముందు ఆగింది. పద్నాలుగు జ్వరాలకు పద్నాలుగు తెరలు. ఆ ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్లాం ఇద్దరే.

పటేల్ తెరలు లోపల పెట్టుకొని నన్ను పిలిపించాడు.

"ఏంది నర్సమ్మా, నా ఇంట్ల పద్నాలుగు జరాలా? నా ఇల్లేమన్న దవాఖానా? సుట్టాలు రానీకె జంకుతున్నరు!"

"తప్పు నాదే పటేలా. గవి తండాకు ఇయ్యాలె."

"నా పేరు మీద వచ్చినయి, నాయే."

మర్నాడు చూస్తే కొట్టంలో అతని బర్రె కొత్త తెర కింద పెళ్లికూతురిలా కూర్చొని నెమరేస్తోంది.

నాకు ఒళ్లు మండింది, పటేల్ మీద కన్నా నా మీదే ఎక్కువ. తండాలో ఆరో నెల కడుపుతో ఉన్న ఒకామెకు అప్పటికే రెండుసార్లు మలేరియా వచ్చింది. మూడోసారి వస్తే బిడ్డ దక్కదేమోనని నాకు భయం. కాగితం మీద మాత్రం తండాలో ఒక్క జ్వరమూ లేదు. ఆ చేతిరాత నాదే.

దిద్ది పంపుదామంటే సమ్మె, ఆఫీసుకు తాళం. నేనూ సమ్మెలోనే ఉన్నాను, ఇక ఎవర్ని తిట్టేది! ఆ వారమే నిరసనగా రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. ఊరూ తండా ఒక్కచోట చేరేది అక్కడే. ఒక చార్టు మీద ఊరినీ తండానీ ఇల్లిల్లూ గీసి, రోడ్డు మీద పరిచి, బొట్టుబిళ్లల అట్ట తీశాను.

"జరమొచ్చినోళ్లు మీ ఇంటి కాడ ఒక బొట్టు పెట్టుండ్రి."

తండా ఆడవాళ్లు తమ భాషలో ఏదో అనుకొని నవ్వుకుంటూ పోటీలు పడి పెట్టారు. ఒక ముసలమ్మ తన కోడలు పెట్టిన బొట్టు వంకరగా ఉందని పీకి మళ్లీ అతికించింది. అన్నం ఉడికేలోపు తండా ఎర్రగా నిండిపోయింది. పటేల్ ఇంటి మీద ఒక్క బొట్టూ లేదు.

అప్పుడే పటేల్ మైకు అందుకున్నాడు. "మన నీళ్లు మనకే రావాలె! మన కొలువులు మనకే రావాలె! మన పేరు జెప్పి ఇంకోడు తింటుంటె ఎన్నిదినాలు ఊకుంటం?"

చప్పట్లు మోగాయి. అవి ఆగాక ఆ కడుపుతో ఉన్నామె చార్టు పట్టుకొని లేచింది.

"మంచిగ జెప్పినవ్ పటేలా. మా జరం పేరు జెప్పి నీ బర్రె పండుకుంటున్నది. మరి మా తెరలు మాకెప్పుడొస్తయి?"

గరిటె తిప్పుతున్నతను గరిటె వదిలేసి నవ్వాడు. పటేల్ మైకు పక్కవాడి చేతిలో పెట్టి ఇంటి దారి పట్టాడు.

సాయంత్రానికి అతని ట్రాక్టరే తండాకు వచ్చింది. పద్నాలుగు తెరలూ ఉన్నాయి. బర్రె మీదిది ఉతికినా పేడ వాసన పోలేదు. కడుపుతో ఉన్నామె ఏరి ఏరి దాన్నే తీసుకుంది. "పటేల్ బర్రెకు ఒక్కపారి గూడ జరం రాలె నర్సమ్మా. గిదే గట్టిది," అంది.

చలికాలంలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. తూకం వేశాను, బాగుంది. ఏడ్చాను కూడా. రిజిస్టరులో ఇంటి నంబరు గడి దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. సున్నం అడిగి తెచ్చి ఆ గుడిసె తలుపు మీద 'ఒకటి' అని వేసి, లోపలికొచ్చి గడిలో అదే రాశాను.